భారోపాసకుడు

బ్రాహ్మీముహూర్తమున నిద్రలేచి, కాలకృత్యములు తీర్చుకొని, కాఫీ సైతము ముట్టక, కళ్ళజోడును, చేతిగడియారమును, వ్రేలి యుంగరమును, మొలత్రాటికి కట్టుకొనిన బీరువా తాళపుచెవిని ఒక్కొక్కటిగ తీసి బల్లపై పెట్టి, శ్వాసను కుంభించి, అడుగు వెడల్పైన గాజుపలకపై ముందుగ కుడికాలు మోపి యెక్కు పెద్దమనిషిని మీ రింతవరకు చూచియుండనిచో, మీ బంధువర్గమున నింకను ఎవరికిని బరువు తగ్గించు బేరియాట్రిక్ శస్త్రచికిత్స జరుగలేదని చెప్పవచ్చును. అట్టి మహానుభావునకు నేను భారోపాసకుడని పేరు పెట్టితిని. సూర్యోపాసకునకు మబ్బు పట్టిన దినమున నైన విరామము కలదు గాని, ఈయనకు వెయింగ్ మెషినులో బ్యాటరీ యున్నంతవరకు విరామము లేదు.

ఈయన పుట్టుకతోనే భారోపాసకుడు కాడు. పూర్వాశ్రమమున ఆయనకు తూనికయంత్రమనినచో గిట్టదు. ఆసుపత్రిలో నర్సు ఎక్కుమన్నప్పుడు "మొన్ననే చూపించుకున్నానమ్మా" అని తప్పించుకొనెడివాడు. మోకాళ్ళు మొరాయించి, గురక ప్రక్కయింటివారి నిద్రను సైతము హరించి, మధుమేహపు మాత్రలు ఒకటి రెండై, రెండు మూడైన పిమ్మట, భార్యాపుత్రుల ప్రోద్బలమున హైదరాబాదునకు బోయి స్లీవ్ చేయించుకొనెను. అనగా జీర్ణాశయమున ముప్పాతికపాలు, అంతకు కొంచెము హెచ్చుగనే, కోసి తీసివేసి, శేషించినదానిని సన్నని గొట్టముగ కుట్టివైచిరి. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిన ఘ్రెలిన్ అను ఆకలి హార్మోను విశేషముగ ఊరునది ఆ కోసివేసిన పైభాగముననే యగుటచేత, సంచితోపాటు ఆకలియు చాలవరకు తరలిపోయినది. పంక్తిలో కూర్చుండినచో వడ్డించువారికి చేతులు నొప్పిపుట్టించిన ఆ ఘనుడు గరిటెడు పెసరకట్టుతో తృప్తిపడి త్రేన్చుట చూచి ఇల్లాలు కంటతడి పెట్టినది. సంతోషముచేతనో, అంతేసి గిన్నెలలో వండు అలవాటు ఒక్కమారుగ తప్పినందులకో చెప్పజాలను.

ఆ తొలినెలలు ఈయనకు స్వర్ణయుగము. పాత ప్యాంటు తొడుగుకొని, నడుమువద్ద మిగిలిన ఖాళీలో రెండు పిడికిళ్ళు దూర్చి చూపనిదే అతిథిని ఇల్లు కదలనీయడు. "చిక్కిపోయారేమిటి, షుగరా?" అని పెండ్లిండ్లలో పలుకరించు బంధువులకు, వచ్చుట కాదు, పోవుచున్నదని సమాధానము సిద్ధము.

అట్లు సాగుచుండ నొక యుదయమున 92.4 అను అంకె కనబడినది. మరునాడును అదియే. వారము గడిచి, పక్షము నిండినను అది కదలలేదు. ఇచ్చటనే భారోపాసకుని నిజస్వరూపము బయటపడును. మత్తుమందు భయమును, వారముల తరబడి ద్రవాహారమును, నాలుగవనెలలో దువ్వెన నిండ ఊడివచ్చిన జుట్టును చిరునవ్వుతో సహించిన ఆ ధీరుడు, నిలిచిపోయిన యొక దశాంశమును సహింపజాలడు. మొదటి అనుమానము యంత్రముపై. దానిని వంటింటి గచ్చుపై నొకమారు, హాలులోని పాలరాతిపై నొకమారు పెట్టి తూగును. ప్రక్క ఫ్లాటువారి యంత్రమును అరువు తెచ్చి, ఐదు కిలోల సోనామసూరి సంచిని రెంటిపైనను పెట్టి పరీక్షించును. బియ్యము సరిగనే తూగును. అంతట అనుమానము వాస్తుపైకి పోవును: నైరుతిని బరువుండవలెను, ఈశాన్యము తేలికగ నుండవలెను అని చిన్ననాటినుండి విన్న సూత్రము తటాలున స్ఫురించి, ఇన్నాళ్ళును యంత్రము నైరుతి పడకగదిలో నుండుటచేతనే యీ విపత్తు సంభవించెనని నిశ్చయించి, దానిని ఈశాన్యమునకు, పూజగది గుమ్మము ప్రక్కకు మార్చెను. అచ్చట 92.6 చూపినది.

"ఏమండీ, మళ్ళీ ఎక్కారా? పొద్దున్నే చూసుకున్నారుగా!"

"అది కాఫీకి ముందు. ఇది కాఫీ తరవాత."

"మరి కాఫీకి బరువుండదూ?"

ఈ ప్రశ్నకు ఆయనయొద్ద సమాధానము లేదు. ఒకప్పుడు రైల్వే స్టేషనులలో, నాణెము వేసినచో ఒకవైపున బరువును, మరియొకవైపున జాతకఫలమును అచ్చొత్తిన అట్టముక్కను విసరు యంత్రము లుండెడివి. బరువు నచ్చనివాడు ఫలము చదువుకొని ఊరడిల్లెడివాడు. నేటి గాజుపలకలకు ఆ లౌక్యము తెలియదు.

నిజమునకు ఈ స్తంభనము రోగమును కాదు, వైద్యులకు క్రొత్తయును కాదు. పెక్కండ్రకిది చికిత్స జరిగిన మూడవవారము ప్రాంతముననే యొకమారు తొంగిచూచును. తిండి తగ్గగానే దేహము ముందుగ వాడుకొనునది కాలేయమునందును కండరములందును దాచిన గ్లైకోజెను నిల్వను. దాని ప్రతి గ్రామును మూడు నాలుగు గ్రాముల నీటిని పట్టియుండును గనుక, అది కరగినప్పుడు నీరును వెడలి అంకె వడివడిగ దిగును. తొలిదినములలో ఈయన చూచి మురిసినదానిలో చాలభాగము నీరే. పిదప నిల్వ కొంత తిరిగి చేరినప్పుడు నీరును తిరిగివచ్చి, కొవ్వు కరగుచున్నను కాటా కదలదు. ఆరేడు నెలలనాటి స్తంభనము వేరు. దేహము చిన్నదైనకొలది దానిని నడుపుటకు కావలసిన శక్తియు తగ్గును. అంతటితో ఆగక, రాబడి పడిపోయినదని గ్రహించిన గృహస్థువలె శరీరము అవసరమునకు మించియు ఖర్చులను బిగించును. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులకు ఆరునెలలు అరకొర తిండి పెట్టి చూచినప్పుడు ఈ పిసినారితనము స్పష్టముగ బయటపడినది. సర్జను ఇదంతయు ఓపికతో విప్పిచెప్పగా, శ్రద్ధగ విని, తలయూచి, లేవబోవుచు ఈయన యడిగిన ప్రశ్న ఒక్కటే: "అయితే డాక్టరుగారూ, మీ కాటా మీద ఒకసారి ఎక్కి చూడనా?"

వైద్యునిపై విశ్వాసము లేక కాదు, ఓపిక లేక, ఈయన స్వంతవైద్యమునకు దిగును. ఉలవలు కాచిన నీరు, జీలకర్ర నీరు, తేనె నిమ్మరసము వరుసగ వచ్చిపోవును. ఏకాదశి కాని దినమునగూడ నిరాహారముండి, అట్లు కరగునది కొవ్వొక్కటే కాదు, కండయు నని డైటీషియనుచేత చీవాట్లు తినును. ఆమె యెదుట జరుగు విచారణ వినదగినది.

"ఉదయం ఏం తిన్నారు సార్?"

"ఒకటే ఇడ్లీ అమ్మా. అదీ సగం వదిలేశాను."

"గుడ్డు, పప్పు, పనీరు? రోజుకి అరవై గ్రాములైనా ప్రోటీన్ ఉండాలన్నాను కదా!"

"పట్టడం లేదమ్మా."

"సాయంత్రం?"

"సాయంత్రం ఏమీ తినను. ఊరికే టీవీ చూస్తూ నాలుగు జంతికలు."

"నాలుగేనా?"

"డబ్బా నింపేది మా ఆవిడ. లెక్క ఆవిడకే తెలియాలి."

రహస్యమంతయు ఆ డబ్బాలోనే కలదు. పనీరో, గుడ్డో, కోడికూరయో ఆ సన్నని గొట్టమున నిలిచి చాలుననిపించును. జంతికయు, బిస్కత్తును, ఐస్‌క్రీమును నోటనే పొడియై, ద్రవమై సులువుగ జారిపోవును గనుక, రెండు ఇడ్లీలకు చోటులేని కడుపున అరడబ్బా జంతికలకు చోటు దొరకును. భోజనముతో నీరు త్రాగరాదు, అరగంట ఆగవలెనన్న నియమమును ఈయన నిష్ఠతో పాటించును. కాని జంతికలు భోజనము కావు గదా!

అయినను జంతికలు పెద్ద దోషము కావు; డబ్బా నింపుట మానినచో అవి మానును. తన క్షేమమునంతయు ఒక్క అంకెకు తాకట్టు పెట్టుటయే నాకు సహింపరానిది. మాత్రలలో రెంటిని వైద్యుడే మానిపించినాడు, గురక యాగి ప్రక్కయింటివారు తిరిగి పలుకరించుచున్నారు, లిఫ్టు లేకుండ మూడంతస్తులు ఎక్కుచున్నాడు, 92.4 కదలని ఆ నెలలోనే బెల్టునకు మరియొక రంధ్రము పొడిపించినాడు. వీనిలో నొక్కటియు ఆయన పద్దున జమ పడదు. వారమున కొకమారే తూగుమని, నడుమును టేపుతో కొలుచుకొమ్మని, నడకతోపాటు డంబెల్సు ఎత్తుమని చెప్పినచో చివరిమాటకు నవ్వును: బరువు తగ్గవలెనన్నవానిని బరువు లెత్తుమందురా! కాని యెత్తిననే కండ నిలుచును. కండ యున్నకొలది దేహము ఊరక కూర్చుండియు మరికొంత శక్తిని ఖర్చుచేయును. ఏడాదియో, ఏడాదిన్నరయో గడచిన పిదప అంకె యెచ్చటనో యొకచోట స్థిరపడితీరును. అట్లు స్థిరపడవలెననియే అంత చికిత్స చేసినది. భారోపాసకుడు దానికిని మరల వాస్తు చూపించును.

పాఠకులకు నా విన్నపము. ఈయన మీ యింటికి భోజనమునకు వచ్చినచో చిన్నపళ్ళెమున వడ్డింపుడు; పప్పును, కూరయు ముందు, అన్నము పిమ్మట. బలవంతము చేయకుడు; వదలివేసినచో వంట నచ్చలేదని నొచ్చుకొనకుడు; జంతికల డబ్బాను కనబడనీయకుడు. "ఇప్పుడెంతున్నారు?" అని మాత్రము ఎట్టిపరిస్థితిలోను అడుగకుడు. అడిగితిరా, మీ వెయింగ్ మెషిను ఏ గదిలో నున్నదని ఆయన అడుగును.