వంటవాని జీతపు బాకీ

భోజనశాలాధిపతుల సంఘములు ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున ఏమని మొరపెట్టుకొన్నవో పత్రికలు చదివినవారికి విదితమే గనుక, ఆ కథను నేను మొదటినుండి చెప్పబోను. సేవారుసుమును బిల్లులో బలవంతముగా చేర్చరాదని 2025 మార్చి 28న తీర్పు వెలువడి, వ్యాజ్యము నడిపిన రెండు సంఘములపై లక్షేసి రూపాయల ఖర్చులు పడినను, అవి తృప్తి నొందక పై ధర్మాసనము నెక్కినవి. ఇరువది రూపాయల నీటి సీసాకు నూరు రూపాయలు వ్రాసికొనిన పిమ్మట సేవకని వేరే సొమ్మెందులకని ధర్మాసనమువారు అడుగనే అడిగిరి. వీనిలో ఏదియు నాకు నిద్రాభంగము కలిగింపలేదు. కలిగించినది ఆ సంఘములవారు మొదటినుండి చేయుచున్న వాదములోని ఒక్క ముక్క: ఈ రుసుము ఎదుట నిలిచి వడ్డించువానికి మాత్రమే కాదట, భోక్త కంటబడక తెరచాటున శ్రమపడు పనివారందరికిని పంచబడునట; దీనియందు సామాజిక ప్రయోజనము కూడ ఇమిడియున్నదట. ఇంతటి ధర్మబుద్ధి నెరిగిన పిమ్మట నేను మిన్నకుండుట నేరము. తెరచాటున గాకున్నను, బల్లమీదనే, బహిరంగముగా, అట్టి యొక భోజనశాలలో వంటవాడనై నేను శ్రమించియుంటిని; నా పాలు నాకింతవరకు ముట్టలేదు.

నా కొలువు కొరియా బార్బెక్యూ శాలలోనిది. శ్రీపెరుంబుదూరు చెంత హ్యుందాయి కర్మాగారము వెలసి, 1998లో శాంత్రో కారు బయటికి వచ్చిన నాటినుండి కొరియా కుటుంబములు చెన్నపట్నమున కాపురముండుటయు, వారి నాలుకల నాశ్రయించి చిన్న చిన్న పూటకూళ్ళు పుట్టుటయు మనకు క్రొత్త గాదు. 2019లో కియా కార్లు తయారగుట మొదలైన పిదప మన పెనుకొండ దారిలోను కొరియా అక్షరముల పలకలు వ్రేలాడుచున్నవి. ఇంటిబెంగ పట్టిన ఇంజనీరునకు చక్కగా పులిసిన కిమ్చీయు, మరుగుచున్న సోయాముద్ద పులుసును పెట్టి ఓదార్చు ఆ శాలలతో నాకు తగవు లేదు. తగవంతయు తరువాత వచ్చినవానితో; కొరియా ధారావాహికలను రేయింబవళ్ళు చూచి ఉవ్విళ్ళూరు యువజనము నుద్దేశించి, రంగురంగుల నియాన్ దీపముల క్రింద ‘అనుభవము’ను తూచి అమ్ముటకు వెలసినవానితో.

అట్టిదానికి నన్ను రాయపురమునుండి నగరపు దక్షిణపు కొసకు లాగుకొనిపోయినవాడు నా మేనల్లుడు. బల్ల నడుమ మంటగుంట, దానిపై పెనము, పైనుండి వ్రేలాడు పొగగొట్టము, ఒక పటకారు, ఒక కత్తెర, పళ్ళెరమున పచ్చిమాంసము. వంటవాడెప్పుడు వచ్చునని నేనడుగగా, “మామయ్యా, ఇక్కడ మనమే కాల్చుకోవాలి. అదే దీని గొప్పతనం” అని వాడు ఉప్పొంగుచు చెప్పెను. నాకు ముట్టిన నియామకపు ఉత్తరువు అదియే. సియోలులోని ఇట్టి శాలలందు పలుచోట్ల పరిచారికయే వచ్చి, పటకారుతో మాంసమును త్రిప్పి, కత్తెరతో ముక్కలు చేసి, కాలినదానిని కాలినట్లు భోక్త వైపునకు జరుపుననియు, బాంచన్ అను చిన్న గిన్నెల నంజుళ్ళను అడిగినకొలది ఉచితముగా నింపుదురనియు, వడ్డించినవానికి పై సొమ్మిచ్చు ఆచారమే ఆ దేశమున లేదనియు ఎరిగినవా రెరుగుదురు. సముద్రము దాటునపుడు ఈ మూడును నీట మునిగి, పటకారు మాత్రము గట్టెక్కినది.

ఇక వంట. మంచు వీడని మాంసపు పొరలు ఒకదానినొకటి కరచుకొనియుండగా వానిని విడదీయుట నా మొదటి విధి. పెనమునకు నడుమ మంట, అంచుల చలి. కావున నడిమి ముక్క మసియగునప్పటికి అంచు ముక్క యింకను నీరు కారుచుండెను. సామ్‌గ్యోప్సాల్ అను ఆ పందికడుపు మాంసము, కొవ్వు కరగి కరకరలాడువరకు నిలుకడగల వేడిమిపై కాలవలసినది. మా పెనముపై అది కరగుటకు మారుగా అలిగి కూర్చుండెను. కిమ్చీ యనబడినది క్యాబేజీకి అప్పటికప్పుడు కారము పూసినది. పులియవలెనను సమాచారము దానికింకను అందలేదు. చుట్టుకొని తినుటకిచ్చిన లెట్యూస్ ఆకులు వాడిపోయి, తమనే ఎవరైన మోయవలెనన్నట్లుండెను. నంజుడు గిన్నె రెండవమారు కావలెనన్న వెల వేరు. పొగగొట్టము గదిలోని చల్లగాలినంతయు ఆరగించి పొగను మాకు ప్రసాదించెను. శాలాధికారిని పిలిచి ఇదేమి వంటయని నిలదీయగా, ఆయన మన భాషవాడే యగుటచేత అతి మర్యాదగా, “వండింది మీరే కదండీ!” అనెను.

ఆ యొక్క మాటతో నా స్థితి నాకు స్పష్టమయ్యెను. వంటవాడు మాంసము మాడ్చినచో ఏ యజమాని యూరకుండును? కావున నాపై నేనే షోకాజ్ నోటీసు జారీ చేసికొని, అక్కడికక్కడే విచారణ ప్రారంభించితిని. ఫిర్యాదీ నేను, ముద్దాయి నేను, సాక్షి నా మేనల్లుడు; సిబ్బంది కొరతచే విచారణాధికారిని కూడ నేనే. శిక్షణ యీయబడలేదనియు, కత్తెర మొద్దుదనియు, సరకు గడ్డకట్టినదనియు, మాంసమింకను పచ్చిగానుండగనే బల్ల ఖాళీ చేయవలసిన వేళయైనదని హెచ్చరిక వచ్చినదనియు ముద్దాయి నివేదించెను. ఫిర్యాదీ తన ఆకలిని తప్ప వేరు పత్రములను దాఖలు చేయలేకపోయెను. సాక్షి అప్పటికే ఫోనులో తన చిత్రమును తీసికొని స్నేహితులకు పంపి, భోజనము దివ్యముగానున్నదని వ్రాసి ప్రతికూలుడయ్యెను. ఉభయపక్షముల వాదములు విని ముద్దాయిని నిర్దోషిగా విడిచిపెట్టుచు, వంటతోపాటు వంటకు రావలసిన నిందను కూడ భోక్త చేతికే అప్పగించిన యజమాని మేధాశక్తి అసామాన్యమని తీర్పున ఒక వ్యాఖ్య వ్రాయించితిని.

నిర్దోషియైన ఉద్యోగికి జీతము నిలుపరాదు. ఇంతలో వచ్చిన బిల్లును నేను జీతపు చీటియేమో యని ఆశగా విప్పితిని. మాంసమునకు వెల, నూటికి పది చొప్పున సేవారుసుము, ఆ సేవారుసుముతో కూడిన మొత్తముపై మరల జీఎస్‌టీ! నేను నాకు చేసికొనిన సేవకు నేను రుసుమిచ్చి, ఆ ఇచ్చినందులకు ప్రభుత్వమునకు పన్ను కూడ చెల్లింపవలెను. 1856లో మా రాయపురపు స్టేషనునుండి దక్షిణదేశపు తొలి రైలుబండి వాలాజా రోడ్డునకు కదలినపుడు, టిక్కెట్టు కొన్నవానిచేత బొగ్గు వేయించుకొని ఆ బొగ్గు వేయుటకు మరల సొమ్ము అడుగవలెనను ఊహ తెల్లదొరల కంపెనీకి కూడ తట్టలేదు.

కావున నా కోరికల పట్టికను ఇందుమూలముగా సమర్పించుచున్నాను. నా జీతముపై నూటికి పన్నెండు చొప్పున యజమాని వంతు భవిష్యనిధికి జమకట్టవలెను. మూడుంపావు వంతున ఈఎస్ఐకి చెల్లింపవలెను, ఏలయన కుడి బొటనవ్రేలు కాలినది. దీపావళికి నూటికి 8.33కు తగ్గని బోనసు రావలెను. అయిదేండ్లు ఎడతెగక తినిన భోక్తకు గ్రాట్యుటీ ఉండవలెను, అంతవరకు బ్రదికియున్నచో. అనుభవమును అమ్మినవారు వెళ్ళునప్పుడు అనుభవపత్రమును కూడ ఈయవలెను. వీనికి సమ్మతింపకున్న భోక్తల యూనియను పెట్టుదుము. యూనియనును గుర్తింపుమని 2024 సెప్టెంబరునుండి శ్రీపెరుంబుదూరు శాంసంగ్ కార్మికులు నెలకు పైగా సమ్మె చేసిన ఈ ప్రాంతమున మాకు గురువులు దొరకకపోరు. సమ్మెనాడు మేము బల్లల చుట్టు కూర్చుండి, నోరు గట్టిగా మూసికొని, మాంసమును త్రిప్పక, దానిని దాని కర్మమునకు విడిచెదము.

నా పరిహాసమింతటితో చాలును. నాకు జీతము రాదు, నా కక్కరయు లేదు. కాని నేనా పెనముతో కుస్తీ పట్టినంతసేపును, ఈశాన్య రాష్ట్రమునుండి వచ్చిన యొక కుర్రవాడు గోడ నానుకొని ఆ పొగలోనే నిలుచుండెను. దుకాణములలో పనిచేయువారికి ఆసనములమర్చి తీరవలెనని 2021లో తమిళనాడు ప్రభుత్వము చట్టమును సవరించినది. వంట చేసిన నాకు మెత్తని కుర్చీ యున్నది, వానికి ముక్కాలిపీట యైనను లేదు. ఈ సేవారుసుములో నీకెంత వచ్చునయ్యా యని నేనడిగితిని. వాడు గల్లాపెట్టె వైపు చూచి, నవ్వి, నా గ్లాసులో నీళ్ళు నింపెను.

కంటికి కనబడని పనివారట! వారిని కనబడకుండ చేసినది ఎవరు? మా కాశిమేడు రేవులో చేప కొన్నవాడు దానిని కోయించుకొనవలెనన్న, కోయు మనిషి కూలి ముందే చెప్పును. పొలుసు గీచి, ముక్కలు కోసి, సొమ్మును తన చేతిలోనే వేయించుకొనును. ఆ కూలి తనకే చేరినదని నిరూపించుటకు వకీలు అక్కరలేదు. శాలాధిపతులారా, మీ మాంసపు వెలలో శాల అద్దె ఉన్నది, దీపముల ఖర్చున్నది, ప్రకటనల ఖర్చున్నది. గిన్నెలు తోమువాని కూలి మాత్రము వెలకు వెలుపల, భోక్త దయాధర్మముపై ఏల వ్రేలాడవలెను? అది భిక్ష కాదు, మీరు వానికి పడిన అప్పు. మీ ధర యెంతయో అంత ధైర్యముగా వ్రాయుడు. కొనగలిగిన కొందుము, లేకున్న ఇంట గంజి త్రాగుదుము. రుసుమును నిజముగా పంచుచున్నామందురా, ఏ నెల ఎంత వసూలైనదో, ఏ పనివానికి ఎంత ముట్టినదో ఆ పద్దును వంటింటి గోడకు అంటింపుడు. అది చేయనంతకాలము వాని పేదరికమును వకాల్తాగా పట్టుకొని న్యాయస్థానపు మెట్లెక్కకుడు. సామాజిక ప్రయోజనమను మాటను మీ నోట పలుకకుడు.