ముదిగుబ్బ వల ఆత్మకథ

ధర్మవరమునకును కదిరికిని నడుమనున్న ముదిగుబ్బలో, వానచినుకునకై బీటలువాఱి యెదురుచూచు నొక పాఠశాలా మైదానమున, సాయంకాలము రెండినుప గుంజల నడుమ కట్టబడి, ప్రొద్దు గ్రుంకగానే చుట్టబడి పీఈటీ మేడముగారి గదిమూలకు చేరు వాలీబాలు వలను నేను. స్త్రీల యాటకు నా పైయంచు 2.24 మీటర్ల యెత్తున నుండవలెనని నియమము, పురుషులకైనచో 2.43. కావున నన్ను సమీపించు ప్రతి బాలికయు తన మేనికొలతను నాకు చెప్పకయే చెప్పును.

ఎత్తు అల్పవిషయమని నేననను. అయిదడుగుల రెండంగుళముల పిల్ల మడమలెత్తక చేయి నిలువున చాచినచో, వ్రేలికొనలు నాకు సుమారు జానెడు క్రిందనే నిలుచును. ఎగురుటలోని శక్తియందు పెద్దపాలు నన్నందుకొనుటకే వ్యయమగును. దీర్ఘబాహువులు గల పిల్ల కొంచెమెగిరినను అరచేతులు నా పైకి వచ్చి, ఎదుటివారి స్మాషు నచ్చటనే అడ్డగించును. అందుచేతనే ఎంపిక చేయువారు నిలిచి యందుకొను నెత్తును, ఎగిరి యందుకొను నెత్తును గోడపై వేఱువేఱుగా కొలుతురు. ఆటకు నిజముగా పనికివచ్చునది ఆ రెండవ కొలతయే. క్యూబా దేశపు మిరేయా లూయిస్ 175 సెంటీమీటర్ల మనిషియే యయ్యును, ఎగిరి 339 సెంటీమీటర్ల యెత్తున బంతిని కొట్టగలిగెను. ఆమె జట్టు 1992, 1996, 2000 ఒలింపిక్సులలో వరుసగా స్వర్ణపతకములు గెలిచినది.

అయితే చేతులు పైకి వచ్చుట వేఱు, వేళకు వచ్చుట వేఱు. తొమ్మిదవ తరగతి పొడుగుపిల్ల యొకతె బంతినే చూచుచు, సెట్టరు దానిని లేపగానే ఎగిరి, స్మాషు పడునప్పటికి దిగివచ్చుచుండెడిది; మోచేయి నాకు తగిలి పాయింటు పోయెడిది. ఆఱవ తరగతినుండి యాడుచున్న పొట్టిపిల్ల యామె ప్రక్కనే నిలిచి, సెట్టరు మణికట్టును, పిదప కొట్టుదాని భుజమును చూచి, క్షణకాలమాగి ఎగిరెడిది. ఆషాఢమున ఈ మెట్టపై పడమటిగాలి నన్ను తెరచాపవలె పొంగించునపుడు, ఎదురుగాలికి లేచిన సర్వీసు ఎచట వ్రాలునో ఆ పిల్ల పాదములు ముందే యెఱిగి యచటికి చేరెడివి. ఆ తెలివి ఏ టేపునకు నందును?

1964లో టోక్యోయందు వాలీబాలు తొలిసారి ఒలింపిక్సులో ప్రవేశించినపుడు, తమకన్న పొడగరులైన సోవియట్ స్త్రీలను జపాను స్త్రీలు వరుసగా మూడు సెట్లలో ఓడించిరి. వారిలో పెక్కండ్రు ఒక బట్టలమిల్లు ఉద్యోగినులు. పగలు పనిచేసి, రాత్రి ప్రొద్దుపోవువఱకు శిక్షకుడైన దైమత్సు యొద్ద నేలపై దొర్లి బంతి నెత్తుట నభ్యసించినవారు. నాయకురాలు కసాయి మసాయెకు అప్పటికి 31 ఏండ్లు.

ముప్పదియొక్క యేండ్లు! మా పిల్లకు ఆట పదవ తరగతితో సరి. ఆడపిల్లకు మేని యెదుగుదల పదునాఱేండ్లకు ఇంచుమించుగా ముగియును. అనుభవము పండుటకు అప్పుడే యారంభము. సరిగా ఆ యేడే ఆమెను శనక్కాయ చేనునకో, బెంగుళూరు పనికో, పెండ్లిపీటలకో తీసికొనిపోవుదురు. వాన తప్పినయేడు మఱింత త్వరగా. జట్టు ఓడివచ్చినపుడు మన పిల్లలు పొట్టివారని పెద్దలు నిట్టూర్తురు. నేను చూచినంతలో, ఎదుటివారు మమ్ము మించినది కలసి యాడిన కాలమున.

తల్లిదండ్రులారా, బిడ్డ ఇంటరులో చేరినను, కూలికి పోవుచున్నను, సాయంకాలమొక గంట నా యొద్దకు పంపుడు. పాఠశాలల పెద్దలారా, చదువు ముగించిన యాడపిల్లలకు మైదానపు గేటు మూయకుడు.