అన్నీ ఒకేసారి పాడైతే: మా జిల్లా పద్ధతి

ఇంట్లో వస్తువులు ఒంటరిగా పోవు. మిక్సీ పోయిన వారంలో నీళ్ల మోటారు కాలుతుంది. దాన్ని చుట్టించి తెచ్చేసరికి ఫ్రిజ్ చల్లబడడం మానేస్తుంది. ఫ్రిజ్ ధరలు చూద్దామని కంప్యూటర్ మీట నొక్కితే అది మూడు కూతలు కూసి ఊరుకుంటుంది. ఇలాంటప్పుడు ముందుగా చేయాల్సింది కారణం వెతక్కపోవడం. కారణం దొరికితే బాధపడే అవకాశం పోతుంది. దిష్టి అనండి. ఎదురింటావిడ మొన్న పేరంటానికొచ్చి మన ఫ్రిజ్ వంక అదోలా చూసిందని గుర్తు తెచ్చుకోండి. గుమ్మానికి వేలాడే బూడిదగుమ్మడికాయ ఎటూ కుళ్లిపోయే ఉంటుంది, కొత్తది కట్టండి. కైకలూరు వైపు వాళ్లయితే కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కుకోవచ్చు, ఫాల్గుణంలో జాతరకి వెళ్లినప్పుడు మొక్కు తీర్చుకోవచ్చు. అప్పటిదాకా స్టెబిలైజర్ కొనక్కర్లేదు.

కారణం వెతికే దురలవాటు ఉన్నవాళ్లుంటారు. వాళ్ల కోసం చెప్పాలి. వీధి స్తంభం మీద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉంటాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 400 పైమాటే. గాలివానకి ఆ న్యూట్రల్ తెగిందో, జంపరు వదులైందో అనుకోండి, వీధిలో ఇళ్లు ఒకదాని కరెంటు ఒకటి పంచుకోవడం మొదలెడతాయి. ఇందులో న్యాయం ఎలా ఉంటుందంటే, ఏసీలు వేసుకున్న ఇంటికి వోల్టేజి తగ్గుతుంది. పొదుపుగా ఒక లైటు, ఒక ఫ్యాను వేసుకున్న ఇంటికి 300 దాటి వచ్చి పడుతుంది. లైట్లు పెళ్లిపందిట్లోలా ధగధగలాడతాయి, ఫ్యాను ఎన్నడూ లేని వేగం అందుకుంటుంది.

ఇదే కీలకమైన ఘడియ. పొరపాటున కూడా మెయిన్ దింపకండి. వీధిలోకొచ్చి, 'ఏవండీ, మీకూ ఇలాగే ఉందా?' అని అడగండి. ఆయన లోపలికెళ్లి వాళ్లావిణ్ణి అడుగుతారు. ఆవిడ మేడ మీది అద్దెవాళ్లని అడుగుతుంది. అద్దెవాళ్లు వీడియో తీస్తారు. ఈ విచారణ పూర్తయ్యేలోపు టీవీ, వైఫై పెట్టె, ఛార్జర్లు, వాషింగ్ మెషీన్ బోర్డు తమ తమ నిర్ణయాలు తీసేసుకుంటాయి. అప్పుడు కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయాలన్న సంగతి గుర్తొస్తే చాలు. అన్నీ ఒకేసారి పోవడమేమిటి, శని పట్టిందనుకుంటాం. శని స్తంభం మీదే ఉన్నాడు.

తర్వాతి ఘట్టం మెకానిక్. 'ఆయ్, వచ్చేత్తన్నానండి, రైల్వే గేటు పడిందండి' అన్నాడంటే ఇంకా మంచం దిగలేదని అర్థం. మధ్యాహ్నం వస్తాడు. మూత తీసి, ఒకసారి ఊది, 'బోర్డు పోయిందండి' అంటాడు. మన జిల్లాలో వైద్యులు వైరల్ ఫీవర్ అన్నంత తేలిగ్గా మెకానిక్‌లు బోర్డు పోయిందంటారు. ఏ బోర్డు, ఏం పోయింది అని అడగడం మర్యాద కాదు. టీ ఇవ్వండి. సామాను ఏలూరులో దొరకదు, తాడేపల్లిగూడెంలో ఉంది అంటాడు. గూడెం వాడు బెజవాడలో ఉందంటాడు. ఉల్లిపాయలకి దేశం నలుమూలల నుంచీ లారీలు దిగే తాడేపల్లిగూడెంలో ఒక చిన్న సెన్సర్ దిగకపోవడం ఎలాంటి విధో ఆలోచిస్తూ భీమడోలు, పూళ్ల, కైకరం మీదుగా బస్సులో వెళ్లి రండి. మనసు తేలికవుతుంది.

ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే వైండింగ్‌కి ఇచ్చేయండి. పైన గిన్నెలో దాక్కున్న 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ వంద రూపాయల లోపే వస్తుంది. అది మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. కానీ వంద రూపాయల్లో తేలిపోయిన కష్టాన్ని చుట్టాలకి ఎలా చెప్పుకుంటాం? మిక్సీ జారు కింద కప్లర్ అరిగినా అంతే. మోటారు బతకాలని తాను అరిగిపోయేలా చేసిన ముక్క అది. దాని త్యాగాన్ని గుర్తించకుండా కొత్త మిక్సీ కొనండి.

ఇక కంప్యూటర్. కరెంటు తీసిన ప్రతిసారీ దానికి తారీఖు గుర్తుండదు, ఎన్నో ఏళ్ల వెనక్కి పోతుంది, బ్యాంకు సైటు తెరిస్తే భద్రత లేదని గోల పెడుతుంది. లోపల రూపాయి బిళ్లంత 3 వోల్టుల బ్యాటరీ అయిపోయిందని దాని భావం. మీరు మాత్రం వైరస్ అనుకోండి. కూతలు కూస్తుంటే ర్యామ్ ముక్క ఊడదీసి, దాని బంగారు పళ్లని పిల్లల రబ్బరుతో మెల్లిగా తుడిచి పెడితే చాలామట్టుకు లేస్తుంది. దసరాకి బొట్టు పెట్టి, పూలు పెట్టి, నిమ్మకాయ పెట్టినవాళ్లు ఆ ఒక్కరోజైనా మూత తీసి దుమ్ము దులపరు, అది ఆయుధపూజలో భాగం కాదు కాబట్టి. గూడెంలో 2015లో నిట్ పెట్టారు. అందులో మీ చుట్టాలబ్బాయి ఎవరైనా చదువుతుంటే ప్రింటర్ బాగుచేయించడానికి సెలవులకి పిలవండి. అతనిది సివిల్ ఇంజినీరింగ్ అయినా ఫరవాలేదు.

తడిసిన ఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ కంపెనీ 2024లో చెప్పింది. వాళ్లకేం తెలుసు, మార్టేరులో పుట్టిన స్వర్ణ వరి పండే నేల మనది. పెట్టండి. తడిసిన ఫ్రిజ్‌ని మాత్రం వెంటనే ప్లగ్గులో పెట్టి చూడండి, బతికి ఉంటే అప్పుడే పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బెజవాడ సింగ్‌నగర్ వీధుల్లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బారులు తీరి ఆరాయి. ఆ నీళ్లే తర్వాత మన కొల్లేటికి దిగాయి.

ఒక్కరిని మాత్రం ఆదర్శంగా తీసుకోకండి, చేపల చెరువు రైతుని. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రాత్రంతా నాచూ చేపలూ అన్నీ పీల్చుకోవడమే, ఇచ్చే సూర్యుడు ఇంకా రాలేదు. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఏరేటర్లు తిరగాలి. ఆ వేళ కరెంటు పోతే 'ఆయ్, వచ్చేత్తన్నానండి' పనికిరాదు. అందుకని గట్టు మీద డీజిల్ జనరేటర్, డబ్బాలో డీజిల్, షెడ్డులో ఇంకో మోటారు, టార్చి పట్టుకుని కాపలాకుర్రాడు సిద్ధంగా ఉంటారు. అదే రైతు ఆకివీడులో ఇంటికొచ్చాక అంతా మామూలే. ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ లేదు, ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ అడుగంటింది, గీజర్ కాయిల్ చుట్టూ ఉప్పునీళ్ల గార వేలిమందం పేరుకుంది. చేపలు చచ్చిపోతే అప్పు మిగులుతుంది, గీజర్ పోతే చన్నీళ్లు మిగులుతాయి అంటాడు. వాదన గట్టిదే.

ఇప్పటిదాకా చెప్పినవి తు.చ. తప్పకుండా పాటించండి. ఈ కింది ఒక్క ముక్క మాత్రం నిజంగా వినండి. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఎర్తింగ్ సరిగా లేదు. కొల్లేటి లంకల్లో నేల తడిగా, ఉప్పగా ఉంటుంది కాబట్టి ఎర్తు బాగానే పట్టుకుంటుంది, కానీ ఆ ఉప్పే గుంటలోని ఇనప గొట్టాన్ని తినేస్తుంది. గూడెం అవతలి మెట్టలో ఎర్రమట్టి ఎండలకి తడారిపోతుంది, ఎర్తు పట్టు వదిలేస్తుంది. ఎండలు ముదిరేలోపు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు చూపించండి. మెట్ట వాళ్లు ఆ గుంటలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి.