మనల్ని చంపితే హ్యాక్, మనం చంపితే స్కిల్

తెలుగునాట ఇప్పుడు వీధికో న్యాయమూర్తి ఉన్నాడు. ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో వేడెక్కిన ఫోన్. విచారణ మొదలుపెట్టి తీర్పు చెప్పడానికి రెండు సెకన్లు చాలు. బీజీఎంఐ అనే ఫోన్ తుపాకుల ఆటలో, పొచింకీ అనే ఊళ్లో, ఓ ఇంటి మెట్లెక్కుతుంటే ఎవడో తలకు గురిచూసి కొట్టాడు. వెంటనే తీర్పు వెలువడింది: "హ్యాకర్ మామా! రిపోర్ట్ కొట్టండ్రా!" జట్టులో మిగతా ముగ్గురూ ఏమీ చూడలేదు. ఒకడు కొండ మీదున్నాడు, ఒకడు జీపులో ఉన్నాడు, ఇంకొకడు అమ్మ తిడుతోందని ఫోన్ పక్కన పెట్టి అన్నం తింటున్నాడు. అయినా ముగ్గురూ రిపోర్ట్ కొట్టారు. సాక్షులంటే అలా ఉండాలి!

తర్వాతి మ్యాచ్‌లో ఈ న్యాయమూర్తిగారే పొగలోకి గుడ్డిగా ఓ మ్యాగజైన్ మొత్తం ఖాళీ చేశారు. లోపల ఎవడో పడ్డాడు. క్లిప్ క్షణాల్లో ఇన్‌స్టాగ్రామ్ ఎక్కింది. కింద రాత: "స్కిల్ ఉండాలి బ్రో."

ఈ న్యాయశాస్త్రంలో ఉన్నవి మూడే సెక్షన్లు. మనల్ని చంపినవాడు హ్యాకర్. మన చేతిలో చచ్చినవాడు నూబ్. మన జట్టులోనే ఉండి మనకంటే ఎక్కువ చంపినవాడు మన కిల్స్ కాజేసిన దొంగ. ఇక భూమండలం మీద మిగిలిన ఏకైక ప్రతిభావంతుడు ఎవరో వేరే చెప్పాలా? ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని ఇన్నాళ్లూ ఆమెను వెక్కిరించాం. పాపం, ఆమె మద్దెలవాడి ఐడీ బ్యాన్ చెయ్యమని అడగలేదు.

ఈ తీర్పుల నాణ్యత ఎంతో కొలిచినవాళ్లు లేకపోలేదు. కౌంటర్ స్ట్రైక్ ఆటను నడిపే వాల్వ్ కంపెనీ 2013లో నిజంగానే ఓ కోర్టు పెట్టింది. అనుభవమున్న ఆటగాళ్లే జడ్జీలు. అనుమానితుడి పేరు దాచిపెట్టి, అతడు ఆడిన రౌండ్ల రికార్డింగ్ చూపించేవారు. సందేహానికి తావు లేకుండా తేలితేనే దోషి అనాలి. 2018లో ఆ కంపెనీ ఇంజినీరు జాన్ మెక్‌డొనాల్డ్ లెక్క బయటపెట్టాడు. ఆటగాళ్ల ఫిర్యాదుల మీద వచ్చిన కేసుల్లో దోషులుగా తేలింది 15 నుంచి 30 శాతం. వాళ్లు తయారుచేసుకున్న వ్యాక్‌నెట్ అనే యంత్రం పట్టి పంపిన కేసుల్లో 80 నుంచి 95 శాతం. తేడా ఎందుకంటారా? యంత్రానికి ఓడిపోయిన కడుపుమంట లేదు.

మన ఫిర్యాదులెలా పుడతాయో చూడండి. "గోడ వెనక్కి వచ్చేశాక చచ్చాను, హ్యాక్ కాక మరేంటి?" నాయనా, నీ తెరమీద నువ్వు గోడ వెనకే ఉన్నావు. నీ కదలిక నెట్‌వర్క్ దాటి వాడి తెరకు చేరేలోపు వాడికి నువ్వింకా బయటే కనిపించావు. వాడు ట్రిగ్గర్ నొక్కినప్పుడు వాడికి కనిపించిన దాన్నే సర్వర్ లెక్కలోకి తీసుకుంది. నిన్ను చంపింది ప్యాకెట్ల ప్రయాణం. "తుపాకీ ఊగనే లేదు, నో రీకాయిల్ హ్యాక్!" వాడు గైరో పెట్టుకుని, ఫోన్ వంచుతూ గురి దించడం నెలల తరబడి నేర్చుకున్నాడు. "నేనక్కడున్నానని వాడికెలా తెలిసింది?" నువ్వు చెక్క నేల మీద బూట్లతో పరిగెత్తావు. వాడికి చెవులున్నాయి.

ఇది సరదాగా నవ్వుకుని వదిలేసే జబ్బేమీ కాదు. 2016లో దక్షిణ కొరియాలో గెగురి పేరుతో ఆడే పదిహేడేళ్ల అమ్మాయి ఓవర్‌వాచ్ ఆటలో జార్యా పాత్రతో చెలరేగితే, ఓడినవాళ్లు అది ఎయిమ్‌బాట్, అంటే దానంతటదే గురి కుదిర్చే ప్రోగ్రాం అన్నారు. అది నిజమైన గురి అని తేలితే ఆటే మానేస్తామని ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లు పంతం పట్టారు. ఆమె తప్పేమీ లేదని ఆట తయారుచేసిన కంపెనీయే చెప్పినా అనుమానాలు ఆగలేదు. చివరికి ఆ పిల్ల ముఖానికి మాస్కు కట్టుకుని స్టూడియోలో కూర్చుని, చేతి మీదా మౌస్ మీదా కెమెరా పెట్టించుకుని, లైవ్‌లో ఆడి చూపించింది. కలియుగ అగ్నిపరీక్షకు కట్టెలు అక్కర్లేదు, వెబ్‌క్యామ్ చాలు. పంతం పట్టినవాళ్లు ఆట మానుకున్నారు. 2018లో ఆమె షాంఘై డ్రాగన్స్‌లో చేరి, ఓవర్‌వాచ్ లీగ్‌లో అడుగుపెట్టిన తొలి మహిళ అయింది.

అదే 2018లో, అదే షాంఘైలో, మన దేశం కూడా పేరు తెచ్చుకుంది. కౌంటర్ స్ట్రైక్ ఆసియా పోటీలో ఆప్టిక్ ఇండియా జట్టు వియత్నాం జట్టుతో ఆడుతోంది. ఫర్సేకెన్ పేరుతో ఆడే కుర్రాడి మీద అనుమానమొచ్చి నిర్వాహకులు వెళ్లి కంప్యూటర్ చూశారు. ఎయిమ్‌బాట్ దొరికింది. ఆ ఫైలుకు మహానుభావుడు పెట్టుకున్న పేరు వర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ! అంతర్జాతీయ పోటీ మధ్యలో లీవ్ లెటర్ టైప్ చేసుకుంటున్నాడని అనుకోవాలి కాబోలు. అతడికి ఐదేళ్ల నిషేధం పడింది. జట్టే రద్దయింది. చేయని తప్పుకు నలుగురు సహచరులు వీధిన పడ్డారు.

కాబట్టి దొంగలు లేరని ఎవరూ అనడం లేదు. ఉన్నారు, డబ్బు కట్టి మరీ ఉన్నారు. ఆ కొనుక్కున్న హ్యాక్‌ను ఫ్రీ ఫైర్ ఆడే కుర్రాళ్ల భాషలో ప్యానెల్ అంటారు. నెలనెలా చందా కట్టి ప్యానెల్ వేసుకుని, వన్ ట్యాప్ హెడ్‌షాట్ కొట్టి, "నా గేమ్‌ప్లే ఎలా ఉంది ఫ్రెండ్స్?" అని అడిగేవాడి ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది. అద్దెకు తెచ్చుకున్న గురికి సొంత పొగడ్తలు! నిలదీస్తే "అందరూ వాడుతున్నారుగా అన్నా" అంటాడు. ఇలాంటివాళ్ల పుణ్యమా అని వాలరెంట్ అనే ఆట ఆడాలంటే వ్యాన్‌గార్డ్ అనే కాపలా ప్రోగ్రాం మన విండోస్ గుండెకాయలో, కంప్యూటర్ ఆన్ అయిన క్షణం నుంచీ కూర్చుంటోంది. దొంగ ఎవడో, ఇంటి తాళాలు అప్పగించింది మనం.

మరి తేడా తెలుసుకోవడమెలా? ఒక్క హెడ్‌షాట్ చూసి బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. వరసగా కొన్ని రౌండ్లు చూడాలి. మనిషి చెయ్యి గురిని లక్ష్యం దాటించి వెనక్కి లాగుతుంది, లేదా కాస్త ఇవతల ఆగి సర్దుకుంటుంది. ఎంత గొప్పవాడైనా కొన్ని తప్పుతాడు. ప్రతిసారీ ఒకేలా అతుక్కుపోయే గురి చేతిది కాదు. అంతకన్నా గట్టి ఆధారం ఖాళీ మూలల్లో ఉంటుంది. నిజంగా ఆడేవాడు మనిషి లేని మూలనూ వెతుకుతాడు, లేడని వాడికి తెలియదు కనక. గోడల్లోంచి చూసేవాడికి ఆ భయం ఉండదు. ముదురు దొంగ ఖాళీ మూలలు వెతుకుతున్నట్టు నటిస్తాడు కూడా. అయితే నటన ఎక్కడో ఒక రౌండ్‌లో జారుతుంది. ఆ రౌండ్ దాకా చూసే ఓపిక మనకుండాలి.

కనక న్యాయమూర్తిగారూ, చచ్చిన వెంటనే లాబీకి పారిపోకండి. మిమ్మల్ని చంపినవాడి ఆటే కాసేపు స్పెక్టేట్ చెయ్యండి. వాడికి తెలిసే అవకాశం లేని సంగతి మళ్లీ మళ్లీ తెలుస్తోందా? నిస్సంకోచంగా రిపోర్ట్ కొట్టండి, క్లిప్ కూడా జత చెయ్యండి. అలాంటిదేమీ కనబడకపోతే వాడు మీకంటే బాగా ఆడాడు, అంతే. అబద్ధపు రిపోర్టుల గుట్ట పెరిగినకొద్దీ అసలు దొంగ దాని కింద హాయిగా దాక్కుంటాడు. వాడికి మీరు చేస్తున్న ఆ సేవకు కనీసం చందాలో వాటా అయినా అడగండి.