వక్రగ్రహం దొరికిందా? ఇక మీకు తిరుగులేదు

జ్యోతిషం కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు అప్పుడప్పుడూ ఒక చిక్కు వచ్చిపడుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి జాతకంలో వెతికినా దోషం కనపడదు. కుజదోషం లేదు, కాలసర్పం లేదు, ఏలినాటి శని ఎప్పుడో దాటింది. కంగారుపడకండి. చక్రంలో ఏదో ఒక గ్రహం పక్కన ‘వ’ అని ఉంటుంది. వక్రం, అంటే గ్రహం వెనక్కి నడుస్తోందని. ఆ ఒక్క అక్షరంతో ఇల్లు గడుస్తుంది. ఎలాగో చెబుతాను, రాసుకోండి.

1. ముందు నిట్టూర్చండి

కళ్లజోడు తీసి, ‘గురువు వక్రించాడండీ’ అని ఆగండి. ఇలాంటి జాతకం కోటికొకటి అనండి. గురువు ఏటా దాదాపు నాలుగు నెలలు, శని నాలుగున్నర నెలలు వక్రంలోనే ఉంటారు. అంటే పదిమంది పుడితే అందులో ముగ్గురికి గురువు వక్రమే. ఈ లెక్క పొరపాటున కూడా బయటపెట్టకండి. నిజంగా అరుదైనది శుక్రుడి వక్రం. పంతొమ్మిది నెలలకోసారి ఆరు వారాలే. కానీ దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పొయ్యిలో పిల్లి లేవదు.

2. ఏదీ దొరక్కపోతే రాహుకేతువులున్నారు

వాళ్ల నడకే వెనక్కి. ‘మీ జాతకంలో రెండు గ్రహాలు ఒక్కసారే వక్రించాయి’ అనండి, అబద్ధమేమీ కాదు. ఆ వెంటనే ‘మీ పెద్దల పుణ్యాన సూర్యచంద్రులు మాత్రం వక్రించలేదు’ అని ఓదార్చండి. వాళ్లిద్దరూ ఏనాడూ, ఎవరి జాతకంలోనూ వక్రించరు. ఓదార్పుకు ఆ సంగతితో పనేముంది?

3. ఫలితం తెలిశాకే గ్రంథం తెరవండి

అసలు కిటుకంతా ఇక్కడుంది. గ్రహబలాన్ని కొలిచే షడ్బలాల్లో చేష్టాబలం ఒకటి. వక్రగ్రహానికి అది నిండుగా అరవై షష్ట్యంశలు వస్తుంది. వక్రించిన గ్రహం నీచలో ఉన్నా ఉచ్చలో ఉన్నంత బలమైనదని మంత్రేశ్వరుడి ఫలదీపిక చెబుతుంది. ఉత్తరకాలామృతమేమో మరో మెలిక పెడుతుంది. నీచలో వక్రిస్తే ఉచ్చఫలం సరే, ఉచ్చలో వక్రిస్తే మాత్రం నీచఫలమట. 2025 నవంబర్ రెండో పక్షంలో గురువు తన ఉచ్చరాశి కర్కాటకంలో వక్రించి ఉన్నాడు. అప్పుడు పుట్టిన పిల్లవాడు రేపు ర్యాంకు తెచ్చుకుంటే చేష్టాబలం. తప్పితే ఉత్తరకాలామృతం. మీరు మాత్రం రెండు రకాలుగానూ నెగ్గారు. ముందే ఒక గ్రంథానికి కట్టుబడి, నాలుగు వందల జాతకాలు వరసగా సరిచూసి, తప్పెన్ని ఒప్పెన్ని అని లెక్క రాసుకునేవాడు ఈ వృత్తికి పనికిరాడు.

4. మూఢాన్నీ వక్రాన్నీ ఒక గాటన కట్టండి

మూఢమంటే మనవాళ్లకు వెన్నులో వణుకు. పెళ్లిమండపాలు సైతం ఖాళీ. కాబట్టి ‘వక్రమూఢం’ అనండి. శుక్రుడికి ఆ రెండూ కలిసొచ్చే రోజులు నిజంగానే ఉంటాయి. ఆ ఊపులో గురువుకూ అంటగట్టేయండి. నిజానికి మూఢమంటే గ్రహం సూర్యుడికి మరీ దగ్గరై కనపడకపోవడం. వక్రంలో ఉన్న గురువేమో సూర్యుడికి అటుచివర ఉండి, రాత్రివేళ దేదీప్యమానంగా వెలుగుతుంటాడు. మేడమీదికెక్కి చూస్తే మీ గుట్టు రట్టవుతుంది. అందుకే సంప్రదింపులు పగలే పెట్టుకోండి.

5. శని వెళ్లిపోయాడని గట్టిగా అనకండి

దృక్ గణితం ప్రకారం 2022 ఏప్రిల్ 29న శని కుంభంలోకి వెళ్లాడు. ధనూరాశివాళ్లు ఏలినాటి పీడ వదిలిందని కొబ్బరికాయలు కొట్టారు. జూలై 12న ఆయన వక్రంలో మళ్లీ మకరానికి వచ్చాడు. చివరికి 2023 జనవరి 17న గాని కదల్లేదు. ఒకే శనికి రెండు వీడ్కోళ్లు, రెండు తైలాభిషేకాలు! వెళ్లిన చుట్టం గొడుగు మరిచానంటూ వెనక్కొచ్చినట్టు. ఈ రాకపోకలన్నీ పంచాంగంలో ముందే అచ్చయి ఉంటాయి. అయినా సరే, ‘నాకెందుకో అనుమానంగానే ఉంది’ అని ఏప్రిల్‌లోనే అనిపెట్టుకుంటే, జూలైలో మీరు త్రికాలజ్ఞులు.

6. బుధుణ్ణి చిల్లర ఖర్చులకు వాడుకోండి

ఏటా మూడుసార్లు, మూడేసి వారాలు వక్రిస్తాడు. ఫోను పగిలినా, రిజిస్ట్రేషన్ వాయిదాపడినా ఆయన ఖాతాలో రాయండి. మిగతా పది నెలల్లో పగిలిన ఫోన్ల గురించి ఎవరూ అడగరు.

7. ఆకాశం ఊసెత్తనివ్వకండి

పూర్వం వాళ్లు రాత్రుళ్లు కూర్చుని చూశారు. సూర్యసిద్ధాంతం గ్రహాలకు ఎనిమిది రకాల నడకలు చెప్పిందంటే ఆ ఓపికే కారణం. కుజుడు వక్రించినప్పుడే భూమికి దగ్గరై ఎర్రగా మండుతాడు. 2003 ఆగస్టులో సుమారు 5.6 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. అలా వెలిగేదాన్ని కళ్లారా చూసినవాడికి అది బలమైనదని తోచడంలో వింతేముంది? మనకు ఆ బాధ లేదు, మీట నొక్కితే చక్రం వస్తుంది.

ఇంత జాగ్రత్తపడినా ఒకసారి నాకు దెబ్బ తగిలింది. రైల్వేలో రిటైరైన పెద్దాయన వచ్చారు. శని వెనక్కి నడుస్తున్నాడని నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, ‘బాబూ, నేను ముప్పయ్యేళ్లు గూడ్సు బండిలో గార్డుగా చేశాను. పక్క పట్టాల మీద ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని దాటేటప్పుడల్లా అందులో పిల్లలు కిటికీల్లోంచి మా బండి వెనక్కి పోతోందని కేకలేసేవారు. నేనైతే ఒక్కరోజూ వెనక్కి పోలేదు’ అన్నారు.

ఆయన దగ్గర దక్షిణ తీసుకోలేదు. కాఫీ ఇచ్చి, వీధి చివరిదాకా సాగనంపి వచ్చాను. తర్వాత ఆయన జాతకం మళ్లీ తీసి చూశాను. అనుకున్నంతా అయింది, బుధుడు వక్రం!