హీరో ఎదిగాడు!

1982లో అమెరికాలోని మిసిసిపీలో కొందరు బడిపిల్లలు స్పీల్‌బర్గ్ ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ను మక్కీకి మక్కీ తీయడం మొదలెట్టారు. సెలవుల్లో తీస్తూ తీస్తూ 1989కి తేల్చారు. కోతి దొరక్క కుక్కతో కానిచ్చేశారు. సారాకొట్టు తగలబడే సీనుకు ఇంటి నేలమాళిగలోనే మంట పెట్టారు. విమానం సీను మాత్రం వాళ్ల వల్ల కాలేదు. 2014లో చందాలు పోగేసి మరీ తీశారు.

ఒక సీనులో కీచుగొంతు హీరో, తర్వాతి సీనుకే గొంతు మారి జానెడు ఎదిగిపోతాడు. కంటిన్యుటీకి సున్నా, కష్టానికి నూటికి నూరు!

మన ఫాంటసీ సినిమాల్లోనూ వయసు తమాషాలకు కొదవలేదు. కాకపోతే ఇక్కడ హీరో అరవై దాటాక కాలేజీలో చేరతాడు. ఆ మిసిసిపీ కుర్రాడు పైసా గ్రాఫిక్స్ లేకుండా పెద్దవాడయ్యాడు. మన కుర్రాడి ముడతలు చెరపడానికే సగం బడ్జెట్ సరి!