నిన్నటి చలి

విశాఖపట్నంలో చలికాలం క్యాలెండర్లో ఉంటుంది గానీ ఒంటికి తగలదు. సంక్రాంతి నెలలో కూడా మధ్యాహ్నం ఫ్యాను కింద కునుకు తీసే జనం మేం. అలాంటి మాకు ఏటా డిసెంబరులో పేపరువాడు చిచ్చు పెడతాడు. లంబసింగిలో ఇన్ని డిగ్రీలు, చింతపల్లిలో అన్ని డిగ్రీలు అని ఓ వార్త, పక్కన గడ్డి మీద తెల్లగా పేరుకున్న మంచు ఫోటో. ఇక ఇంట్లో మనశ్శాంతి ఉండదు.

"బావా, అర్ధరాత్రి బయల్దేరితే గానీ లాభం లేదు" అన్నాడు మా బావమరిది.

నిజమే. లంబసింగి చలి పొద్దెక్కేదాకా ఆగదు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, చుట్టూ కొండలు. మబ్బు లేని రాత్రి నేల తొందరగా చల్లారిపోతుంది. బరువెక్కిన చల్లగాలి వాలు వెంట జారి లోయలో తిష్ఠ వేస్తుంది. ఎండ పొడ తగిలిందా, మూటాముల్లె సర్దుకుని పోతుంది. దాని దర్శనానికి మనం నిద్ర మానుకోవాలి.

మా అత్తగారు మంకీ క్యాపులు, శాలువాలు, ఫ్లాస్కు, అమృతాంజనం సర్దారు. "చలి కోసమే వెళ్తూ ఇన్ని అడ్డాలెందుకండీ?" అన్నాను.

"చూడ్డానికే కదా బాబూ, తగిలించుకోడానికి కాదుగా" అన్నారావిడ.

నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే బావమరిది కళ్ళు రోడ్డు మీద లేవు, కారు టెంపరేచర్ మీటరు మీద ఉన్నాయి. (నడిపేది నేను, అదృష్టం.) పదహారు, పద్నాలుగు, పన్నెండు... లంబసింగిలో దిగేసరికి పదకొండు దగ్గర ఆగిపోయింది. తూకంలో మోసపోయినవాడిలా చూశాడు. "ఇంత డీజిల్ తగలేస్తే పదకొండేనా బావా?"

టీ కొట్టావిడ గ్లాసులు అందిస్తూ ఓదార్చింది. "నిన్న రావల్సింది బాబూ. గడ్డంతా తెల్లగా పేరుకుపోయింది నిన్న."

మొక్కజొన్న కండెలు కాల్చే అబ్బాయీ అదే మాట. టెంట్లు అద్దెకిచ్చేవాడూ అదే మాట. విచారించగా తేలిందేమిటంటే లంబసింగిలో అసలు చలి ఎప్పుడూ నిన్నే పడుతుంది.

చెరువులవేనం వ్యూ పాయింటుకి వెళ్ళే దారిలో కార్లు బారులు తీరాయి. పైకెక్కితే ఎదురుగా తెల్లటి పొగమంచు, అందులోంచి హారన్లు, సెల్ఫీల కేకలు. "ఏమీ కనబడ్డం లేదేవండీ" అంది మా ఆవిడ. అది చూడ్డానికే వచ్చామని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అక్కణ్ణుంచి మా ఖర్చంతా వేడి మీదే. చలిమంట దగ్గర కూర్చోడానికి డబ్బు, బకెట్టు వేణ్ణీళ్ళకి డబ్బు, టీకి లెక్కే లేదు. ఒక్క బొంగులో చికెన్‌కి ఇచ్చిన డబ్బు మాత్రం న్యాయమైనది. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురుబొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె ఉండదు. బొంగు పైన నల్లబడుతుంది, లోపలి చెమ్మకే ముక్క ఉడుకుతుంది. చీల్చి ఆకులోకి వంపగానే వచ్చిన ఆవిరికి మా అత్తగారు ముందు మొహం పట్టారు, తర్వాతే ముక్క ముట్టారు.

మేం శాలువాల్లో వణికిన ఈ కొండల్లోనే అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయాడు. చింతపల్లి లంబసింగికి దగ్గరే. విగ్రహాల్లో ఆయన ఒంటిమీద ఓ పైబట్ట, చేతిలో విల్లు, అంతే. మా బావమరిది రెండు స్వెటర్లలోంచి ఆయన విగ్రహానికి నమస్కారం పెట్టబోతే చెయ్యి పైకి లేవలేదు.

తిరుగుదారిలో స్ట్రాబెర్రీ తోట దగ్గర ఆగి పెట్టె ఒకటి బేరమాడాం. నర్సీపట్నం చేరకుండానే మంకీ క్యాపులు ఒక్కొక్కటే ఊడాయి. ఏసీ వెయ్యమన్నది మా అత్తగారే.

మర్నాడు బావమరిదికి ఆఫీసువాళ్ళెవరో ఫోన్ చేశారు. ఆ రాత్రికి వాళ్ళు బయల్దేరుతున్నారట. మావాడు గొంతు సవరించుకున్నాడు.

"నిన్న రావల్సింది గురూ. గడ్డకట్టుకుపోయాం."